ముప్పైమూడు అంగుళాల టైరు, మూడు అంగుళాల ఎత్తు

ఈ నెల పదహారో తేదీ, గురువారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు నాకు నేనుగా స్టేషనుకు వచ్చి చెప్పగా రాసుకున్నది. నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ బెదిరించలేదు.

నా పూర్తి పేరు, చిరునామా ఫైలు అట్ట మీద రాసుకున్నారు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఎవరూ లేరు. కమాన్ల మేస్త్రి అని అడిగితే బస్టాండు దగ్గర ఎవరైనా దారి చూపిస్తారు. వయసు నలభై ఏడు. బండ్లకు బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్లు, కుదుపు ఆపే షాకబ్జర్లు, టైర్లు మార్చడం, రాళ్ల దారుల్లో తిరిగే బండ్లకు ఎత్తు పెంచడం నా పని. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. మా షెడ్డు పెట్రోలు బంకు వెనక సందులో ఉంది, ఇనుప గేటు.

ఇదే కేసులో ఈ నెల నాలుగో తేదీ సాయంత్రం ఆరు గంటలకు ఆసుపత్రి వరండాలో ఒకసారి వాంగ్మూలం ఇచ్చాను. రెండు పేజీలు. అందులో ఉన్న ప్రతి మాటా నిజమే. అన్నీ కలిపి చదివితే మాత్రం అబద్ధం. దాన్ని సరిచేయడానికి వచ్చాను. నిలబడే చెబుతానన్నాను. మీరిలా అటూ ఇటూ తిరుగుతుంటే నాకు సగం వినపడదు, కూర్చోండి అని రాసుకునే ఆయన అన్నారు. కూర్చున్నాను.

కేసులో ముద్దాయిగా ఉన్న డ్రైవరు మా బావమరిది, మా ఆవిడకు సొంత తమ్ముడు. వయసు ఇరవై తొమ్మిది. మా అత్తగారు పోయాక పదకొండో ఏట మా ఇంటికి వచ్చాడు, అప్పటినుంచి మా ఇంట్లోనే ఉన్నాడు. బండి నేర్పింది నేనే. ఆరేళ్లుగా ఆసుపత్రి ట్రక్కు నడుపుతున్నాడు. మంగళవారం, శనివారం నర్సమ్మను, టీకా మందుల పెట్టెలను ఎక్కించుకుని కొండమీది ఊళ్లకు వెళ్లివస్తాడు. నాలుగో తేదీ మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు పైఊరి నుంచి దిగుతుండగా మూడో మలుపులో ఆ బండి బోల్తా పడింది. వాడి తలకు దెబ్బ తగిలింది, ఎడమ చెయ్యి విరిగింది. నర్సమ్మకు తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. బ్రేకు వేయకుండా నిర్లక్ష్యంగా దింపాడని వాడి మీద కేసు. రేపు శుక్రవారం పదిన్నరకు కోర్టులో తప్పు ఒప్పుకుంటానని వాడు వకీలుకు చెప్పేశాడు. ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది, జైలు పడుతుంది. వాడు ఆ తప్పు చేయలేదు.

టైర్ల సంగతి ముందు చెప్పాలి. అది ఎందుకు, నేరుగా విషయానికి రండి అని స్టేషను అధికారిగారు అన్నారు. గొడవంతా అక్కడే మొదలైంది, రాయండి అన్నాను.

ఆ బండికి కంపెనీ వేసి ఇచ్చిన టైరు ఇరవై తొమ్మిది అంగుళాల ఎత్తు. పైఊరికి రెండు కిలోమీటర్లు వాగులోనే పోవాలి. ఇరుసు రాళ్లకు తగులుతోంది, డీజిలు ట్యాంకు ఒకసారి సొట్టపోయింది. టైర్లు పెంచి బండి ఎత్తు లేపాలని ఆసుపత్రి డాక్టరమ్మ నాకే అప్పగించారు. ఎంత పెంచాలన్న దాని మీద మా బావమరిదికీ నాకూ మూడు వారాలు వాదన. తింటున్నప్పుడు, మొహం కడుక్కుంటున్నప్పుడు, ఆఖరికి నేను బండి కింద పడుకుని ఉన్నప్పుడు కూడా, చెవిలో జోరీగలా వాడు.

"బావా, ముప్పైఐదు వేద్దాం. నాలుగంగుళాలు లేపు. రాయి కాదు గదా, గేదె అడ్డమొచ్చినా పైనుంచి పోవాలి."

"ఊరేగింపుకు పోతున్నావా, మందులివ్వడానికి పోతున్నావా?"

"నర్సమ్మ తల ప్రతిసారీ పైన కొట్టుకుంటోంది బావా. బొప్పి కట్టింది, కావాలంటే అడుగు."

"ఆవిడకు నెత్తిమీద తలగడ కట్టు. టైరు మాత్రం ముప్పైమూడే."

వాడికి నేను చెప్పిన లెక్క ఇది. టైరు నాలుగంగుళాలు పెరిగితే ఇరుసు కింద పెరిగేది రెండంగుళాలే, ఎందుకంటే ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది. కమాన్లు మార్చి బండిని ఎంత లేపినా లేచేది పైనున్న బాడీయే, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. లేపేది పెద్ద టైరుకు చోటు చాలడానికి. చోటుకు మించి లేపితే బండి బరువు నడినెత్తికి వచ్చి మలుపుల్లో ఒరుగుతుంది. టైరు మరీ పెద్దదైతే ఇంజను ఈడ్చలేదు, బ్రేకుకు పని పెరుగుతుంది. కాబట్టి ముప్పైమూడు టైరు, రెండంగుళాల ఎత్తు. ఇంకో మాట మాట్లాడితే పాతవే తొడిగి పంపేస్తానన్నాను.

వాడు ముప్పైమూడుకు ఒప్పుకున్నాడు. ఎత్తు దగ్గర మాత్రం మొండికేశాడు. రెండు చాలదు బావా, చక్రం పూర్తిగా తిప్పినప్పుడు రాసుకుంటుంది, కనీసం మూడు కావాలన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నాకు చెప్తావా అన్నాను. ఇదంతా మొదటి వాంగ్మూలంలో ఉంది. అందులో లేనిది ఇప్పుడు చెబుతాను.

ఒకటో తేదీ బుధవారం, ముందుగా కమాన్లకు అదనపు పట్టీ వేసి రెండంగుళాలు లేపాను. కొత్త టైర్లు తొడిగాను. సాయంత్రం నాలుగింటికి వాడు మూలనున్న కొట్టుకు టీ తేవడానికి వెళ్లాడు. అప్పుడు చాక్ పరీక్ష చేశాను. టైరు అంచులకు చాక్‌పీసు బాగా రుద్ది, ముందు చక్రం ఒకదాన్ని చెక్కల దొంతి మీదికి ఎక్కించి, స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పుతాం. టైరు ఎక్కడైనా రాసుకుంటే లోపలి రేకు మీద తెల్లగా గుర్తు పడుతుంది. పడింది. అరచేయంత. వాడు చెప్పినట్టే రెండు చాలలేదు.

నేను ఆ గుర్తును గుడ్డతో తుడిచేశాను.

ఇది రాయండి అన్నాను. రాశారు. వాడు టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి కమాన్ చివరనుండే కొక్కీలు విప్పుతున్నాను. పొడవు కొక్కీలు వేస్తే ఇంకో అంగుళం లేస్తుంది. "సరే, నీ పోరు పడలేక మూడు వేస్తున్నా. గుర్తుపెట్టుకో, నేను రెండే చాలన్నాను" అన్నాను. వాడు సంబరపడిపోయి నా టీలోకి తన బిస్కెట్టు కూడా ఇచ్చాడు. తిన్నాను.

మూడంగుళాలు లేపినప్పుడు పాత షాకబ్జర్లు పొట్టివి అయిపోతాయి. పొడవువి తెప్పించాం, అవి రావడం ఆలస్యమైంది. అందుకని పాతవి ఉంచే మిగతా పని పూర్తిచేశాను. రెండో తేదీ గురువారం ఉదయం పదకొండింటికి వేలాడదీసి చూశాను. అంటే బండిని అడుగునుండే ఛాసిస్ చట్రం దగ్గర జాకీ పెట్టి లేపి, ముందు చక్రాలను గాల్లోకి వదిలేయడం. అప్పుడు ఇరుసు ఎంతవరకు దిగగలదో అంతవరకు దిగుతుంది. ఛాసిస్ నుంచి చక్రానికి బ్రేకు నూనె తీసుకుపోయే రబ్బరు గొట్టం ఉంటుంది. ఇరుసు అంత కిందికి దిగినా ఆ గొట్టం బిగుసుకోకుండా వదులుగా ఉండాలి. నా బొటనవేలు దూరేంత వదులు ఉంది. చాలు అనుకున్నాను. గొట్టం బిగించిన చోట పసుపు పెయింటుతో గీత గీశాను.

మా షెడ్డులో చూసేసిన ప్రతి బోల్టుకూ ఆ గీత పడుతుంది. గీత పడ్డ చోట మళ్లీ ఎవరూ చెయ్యి పెట్టరు. నేను పెట్టిన నియమమే. లేకపోతే చూసిందే చూస్తూ కూర్చుంటాం, చూడనిది అలాగే పోతుంది. మంచి నియమమే అది. ఇప్పటికీ మంచి నియమమే అంటాను.

నాలుగో తేదీ శనివారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు కొత్త షాకబ్జర్లు వచ్చాయి. టీకాల రోజు. డాక్టరమ్మ రెండుసార్లు ఫోను చేశారు. నర్సమ్మ మందుల పెట్టెలు తెచ్చి మా షెడ్డు గుమ్మంలోనే కూర్చుంది. వాడు బండి కడిగి, అద్దం తుడిచి, నా వెనకే నిలబడి పానాలు అందిస్తున్నాడు. పాతవి ఊడదీసి కొత్తవి బిగించాను. నాలుగూ బిగించడానికి గంట పట్టింది. బోల్టులన్నీ రెండోసారి తిప్పి చూశాను. గొట్టం బిగించిన చోటు చూశాను. పసుపు గీత ఉంది. తొమ్మిదీ యాభైకి బండి వెళ్లిపోయింది.

అధికారిగారు ఇందులో తప్పేముందన్నారు. గుంజకు కట్టిన మేకకు తాడు పొడుగు చేస్తే అది ఇంకా దూరం పోతుంది కదండీ. ఇరుసుకు తాడు షాకబ్జరే. పొడవు షాకబ్జరు వేశాక చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది. గొట్టం మాత్రం పాతదే, పాత పొడవే. గొట్టాన్ని కొలిచింది గురువారం, పొట్టి షాకబ్జర్ల మీద. తాడు మార్చింది శనివారం. మార్చాక మళ్లీ వేలాడదీసి చూడాలి. చూడలేదు. పది నిమిషాల పని. గీత ఉంది కదా అని చూడలేదు.

మూడో మలుపుకు ముందు వాన కోసిన గండి ఒకటి దారికి అడ్డంగా ఉంటుంది. అందులో ముందు చక్రం దిగితే పూర్తిగా వేలాడుతుంది. అక్కడ గొట్టం తెగింది. అక్కడినుంచి యాభై అడుగులు వేస్తే దిగుడు మొదలు. ముందు గొట్టం తెగితే వెనక బ్రేకులు మాత్రం మిగులుతాయి. దిగుడులో బరువంతా ముందుకు పడుతుంది, వెనక చక్రాలకు పట్టు ఉండదు. అవి ఈడ్చుకుపోతాయి తప్ప ఆపలేవు. వాడు రెండో గేరులోనే ఉన్నాడు, అది సరైన గేరే. అయినా గులకరాళ్ల మీద ఆగదు. ఏ డ్రైవరు వల్లా కాదు. నా వల్లా కాదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. ఆసుపత్రి వరండాలో మా ఆవిడ నన్ను చూడగానే, "ఏం చేశాడండీ వీడు?" అంది. నేను, "ముందే చెప్పాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి వచ్చేసింది. కాసేపటికి మీ స్టేషనాయన వచ్చి అడిగారు. పెద్ద టైర్లు, ఎక్కువ ఎత్తు వద్దని ముందే చెప్పాను, వినలేదు అన్నాను. డాక్టరమ్మతో అన్నాను. టైర్ల కొట్టాయనతో అన్నాను. ఎదురింటివాళ్లతో అన్నాను. అందరూ, "నువ్వు చెప్పకుండా ఉంటావా మేస్త్రీ, ఈ కుర్రాళ్లు వింటారా" అన్నారు. చెప్పిన కొద్దీ నాకే నమ్మకం కుదిరింది. ఎన్నిసార్లు చెప్పానో మొన్న కూర్చుని లెక్కపెట్టాను. పదకొండు.

అప్పటికి గొట్టం సంగతి నాకు తెలియదు. ఇది నా మీద జాలి కోసం చెప్పడం లేదు. తెలియదు కాబట్టి తెలియదంటున్నాను. కానీ చాక్ గుర్తు సంగతి తెలుసు. ఎత్తు విషయంలో వాడిదే సరైన మాటని ఆ వరండాలో నాకు తెలుసు.

ఏడో తేదీ బండ్ల తనిఖీ అధికారి వచ్చి చూశారు. ముందు చక్రాల జాడ దొర్లినట్టే ఉంది, ఆగినట్టు లేదు, కాబట్టి డ్రైవరు బ్రేకు వేయలేదని రాశారు. గొట్టం బోల్తాలో తెగి ఉంటుందని రాశారు. షెడ్డు పని శ్రద్ధగా చేశారని, ప్రతి బోల్టుకూ చూసిన గుర్తు ఉందని కూడా రాశారు. ఆ కాగితం నాకు చదివి వినిపించారు. మా ఆవిడ పక్కనే ఉంది. ఇంటికి వెళ్లాక తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

తొమ్మిదో తేదీ గురువారం ఉదయం పదకొండుంబావుకు పళ్లు తీసుకుని నర్సమ్మను చూడబోయాను. ఆడవాళ్ల వార్డు, కిటికీ నుంచి రెండో మంచం. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మావాడు చేసిన పనికి క్షమించమ్మా అన్నాను.

"వాడినేమీ అనకండి మేస్త్రిగారూ. పాపం, చివరిదాకా తొక్కుతూనే ఉన్నాడు" అంది.

"ఏం తొక్కుతూ ఉన్నాడమ్మా?"

"కాళ్ల దగ్గర ఉంటాయిగా. మూడుసార్లు తొక్కాడు. నేలకంటా పోయింది. నాకు బండి రాదుగా, అదేదో క్లచ్చంటారే, అదనుకున్నా."

"ఏ కాలితో తొక్కాడు?"

"కుడికాలితో. ఆ చెప్పు ఊడొచ్చి నా ఒళ్లో పడింది. అందుకే గుర్తు."

కుడికాలితో క్లచ్చు ఎవరూ తొక్కరు. కుడికాలి కింద ఉండేది బ్రేకు, కాకపోతే తొక్కగానే ఇంజను అరిచే ఆక్సిలరేటరు. ఇంజను గట్టిగా అరిచిందా అని అడిగాను. లేదు, చప్పుడే లేకుండా పోతుంటే అప్పుడే భయమేసిందంది. ఇదంతా పోలీసులకు చెప్పావా అని అడిగాను. ఆపరేషన్లయ్యాయి, నన్నెవరూ అడగలేదంది. మీరు కూర్చోండి, అలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి అని కూడా అంది.

అక్కడినుంచి నేరుగా షెడ్డుకు వెళ్లాను. పన్నెండున్నర. పాత షాకబ్జర్లు ఇనుప సామాను కుప్పలో ఉన్నాయి. ఒకదాన్ని పూర్తిగా లాగి టేపు పెట్టాను. ఇరవై అంగుళాలు. కొత్తవాటి అట్టపెట్టె మీద పూర్తిగా లాగిన పొడవు అచ్చువేసి ఉంది. ఇరవై మూడున్నర. మూడున్నర అంగుళాలు ఎక్కడ, నా బొటనవేలు ఎక్కడ. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ అంతే వచ్చింది.

వెంటనే ఎందుకు రాలేదని అధికారిగారు అడిగారు. రాలేదు. ఏడు రోజులు రాలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. పదకొండో తేదీన ఈ స్టేషను గేటుదాకా వచ్చాను. గేటు దగ్గరున్నాయన ఏం కావాలంటే, పోస్టాఫీసు ఎటు అని అడిగి వెళ్లిపోయాను. ఈ ఊళ్లో పోస్టాఫీసు తెలియనివాడు లేడు. ఆయన చెయ్యెత్తి చూపించారు, నేను అటే నడిచాను. నా గీతలు పడ్డ బండ్లు నలభైకి పైగా కొండల్లో తిరుగుతున్నాయి. వాటిలో కూర్చునే వాళ్లందరూ నా దగ్గరికి వచ్చి నిలబడతారని భయం. మా ఆవిడకు మొహం ఎలా చూపించాలన్నది ఇంకో భయం. రెండోదే పెద్దది. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు, ఏమైంది మీకు అని ఆవిడ రోజూ అడుగుతోంది. ఏం లేదు, ఎండ అన్నాను.

మా బావమరిది ఇంట్లో మేడమీది గదిలో ఉంటున్నాడు. వాళ్లక్క కంచం గుమ్మం బయట పెట్టి వచ్చేస్తుంది. వాడు తిని కడిగి అక్కడే పెడతాడు, విరగని చేత్తో. పన్నెండో తేదీ ఆదివారం సాయంత్రం ఐదింటికి పైకి వెళ్లాను. వాడు మంచం అంచున కూర్చుని కుడికాలితో నేలను నొక్కుతున్నాడు. నొక్కడం, తీయడం, మళ్లీ నొక్కడం. నేను వచ్చినట్టు కూడా గమనించలేదు.

"ఏం చేస్తున్నావురా?"

"చూస్తున్నా బావా. కాలు బాగానే పనిచేస్తోంది. మరి ఆ రోజు ఏమైందంటావ్?"

"నీకు ఏమీ గుర్తులేదా?"

"గండి దాటింది గుర్తుంది. తరవాత ఆసుపత్రే. నొక్కే ఉంటాననుకుంటా. కానీ నొక్కితే ఆగాలి కదా. ఆగలేదంటే నొక్కలేదనేగా."

నేను కిందికి వచ్చేశాను. ఇది కూడా రాయండి. అప్పటికి నాకు తెలిసి మూడు రోజులైంది. అయినా కిందికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే పైన ఆ చప్పుడు మళ్లీ మొదలైంది. ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా వినిపిస్తుంది. టక్కుమని, ఆగి, మళ్లీ టక్కుమని. వినలేక షెడ్డుకు పోతే అక్కడా వినిపిస్తుంది.

ఈ రోజు ఉదయం ఏడున్నరకు వాడు రేపటికోసం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఒంటి చేత్తో చేస్తుంటే ముడతలు పోవడం లేదు. ఇలా ఇవ్వమని తీసుకుని నేను చేశాను. చేస్తూ మొత్తం చెప్పేశాను. చాక్ గుర్తు, పసుపు గీత, మూడున్నర అంగుళాలు, నర్సమ్మ మాట, అన్నీ. తలెత్తలేదు. చెప్పడం అయిపోయాక చూస్తే వాడు నవ్వుతున్నాడు.

"నాకోసం కథ అల్లుతున్నావు బావా."

"కథ కాదురా, కొలిచాను."

"నీ పనిలో తప్పు నేనెప్పుడైనా చూశానా? పద్దెనిమిదేళ్లుగా పక్కనే ఉన్నాను. తప్పు చేసింది నేను, మధ్యలో నీ షెడ్డెందుకు మూసుకుంటావ్? ఆ చొక్కా ఇటివ్వు, కాలరు కాలిపోతోంది."

నిజంగానే కాలరు కొద్దిగా కాలింది.

అప్పుడు అర్థమైంది. వాడికి తన కాలు మీద కంటే నా గీత మీద నమ్మకం ఎక్కువ. అందుకే కాలును అనుమానించాడు. నేను వాడితో ఎన్నిసార్లు చెప్పినా కోర్టులో రేపు తప్పు ఒప్పుకునే తీరుతాడు. అందుకని ఇక్కడికి వచ్చాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

రెండు సంగతులు అడుగుతున్నాను. ఆ రోజు తీసిన ఫోటోల్లో వెనక చక్రాల జాడ మళ్లీ చూడండి. ముందు చక్రాలు దొర్లినా, వెనకవి ఈడ్చుకుపోయిన చార ఉంటుంది. వెనక చక్రాలు ఈడ్చుకుపోవాలంటే కాలు బ్రేకు మీద ఉండాలి. రెండోది, బండి ఈ స్టేషను ఆవరణలోనే ఉంది. దాన్ని జాకీ మీద లేపి ముందు చక్రాన్ని వేలాడదీయండి. తెగిన గొట్టం ముక్కలు రెండూ దగ్గరికి లాగి చూడండి. అవి కలవకపోతే నేను చెప్పింది నిజం. కలిస్తే నేను అబద్ధాలకోరును. అది మా బావమరిది కళ్లముందు చేయండి. నేను ముట్టుకోను, తనిఖీ అధికారి చేతులతోనే చేయించండి.

మూడు వేయడం తప్పు కాదు. మూడు వేసి, పాత షాకబ్జర్ల మీద చూసిందే చాలని వదిలేయడం తప్పు. ఆ తప్పు నాది. మొదటి వాంగ్మూలంలో నేను చెప్పిన మాటలతో వాడి మీద నేరం పడింది కనుక, ఆ మాటలను ఈ మాటలతో కలిపే చదవాలని కోరుతున్నాను. రాసింది నాకు పైనుంచి కిందిదాకా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. తెలిసి దాచింది ఇక ఏమీ లేదు.

సంతకం. మధ్యాహ్నం పన్నెండు గంటల ఐదు నిమిషాలు.

సంతకం తరువాత, అదే రోజు మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు చేర్చినది.

తనిఖీ అధికారి రెండింటికి వచ్చారు. మా బావమరిదిని పిలిపించారు. ఆవరణలో గోడ పక్కన బండిని లేపారు. పైకప్పు నలిగిపోయినా ముందు ఇరుసు, ఎడమ చక్రం బాగానే ఉన్నాయి. చక్రాన్ని గాల్లోకి వదిలారు. అది దిగింది, ఇంకా దిగింది. తెగిన గొట్టం ముక్కలు రెండూ పట్టుకుని లాగారు. కలవలేదు. మధ్యలో రెండు వేళ్ల ఎడం. తనిఖీ అధికారి మళ్లీ లాగారు. మా బావమరిదిని దగ్గరికి రమ్మని, నువ్వే లాగి చూడు అన్నారు. వాడు మోకాళ్ల మీద కూర్చుని ఒంటి చేత్తో లాగాడు. కలవలేదు. ఆ ఎడంలో తన రెండు వేళ్లు పెట్టి చూశాడు.

"అయితే నొక్కానన్నమాట" అన్నాడు.

"నొక్కావురా. మూడుసార్లు నొక్కావు" అన్నాను.

వాడు లేచి మోకాళ్లకంటిన మట్టి దులుపుకున్నాడు. రేపు కోర్టులో ఈ కాగితం పెడతామని అధికారిగారు చెబితే తలూపాడు. తరవాత నా వైపు తిరిగి, "అక్కకి నువ్వే చెప్పు బావా. నేను చెబితే నమ్మదు. ఆ రోజు కూడా నువ్వు చెబితేనే నమ్మింది" అన్నాడు.

ఈ మాట కేసుకు సంబంధం లేనిది, తీసేస్తానని రాసుకునే ఆయన అన్నారు. తీయొద్దన్నాను. ఉంచారు. ఇది కూడా నేను చెప్పినట్టే రాశారు, ఇది కూడా నిజం. ఇంటికి వెళ్తున్నాను.

సంతకం.